‘లేదు’ అనడానికి ముందు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నారని తెలియగానే డి.ఏ. బకాయిల మీద మాట్లాడతానని చాలామంది అనుకొని ఉంటారు. ఆ విషయం మీద మాట్లాడగలవారికి మన సంఘంలో కొరత లేదు. నేను ఎన్నుకొన్న విషయం వేరు. కంప్యూటరులో వ్రాతపని చేసే ఒక చిన్న ప్రోగ్రాములో, వెతికే ఆజ్ఞలు ఎలా అమరుస్తారన్నది. దీనికీ మన పెన్షన్లకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. కాస్త ఓపికతో వినవలసిందిగా మనవి.

టెర్మినల్ ఎడిటరు అంటే మౌసు, బొమ్మలు లేకుండా, కేవలం అక్షరాలతో తెర మీద నడిచే వ్రాత పరికరం. ఉద్యోగం చివరి రోజుల్లో మా కార్యాలయానికి టెర్మినళ్ళు వచ్చినప్పుడు వీఐ అనే ఎడిటరుతో నాకు పరిచయమైంది. రిటైరయ్యాక తీరిక దొరికింది కనుక సీ భాష నేర్చుకొన్నాను. 2016లో సాల్వతోరె సాన్‌ఫిలిప్పో అనే ఇటలీ ప్రోగ్రామరు వెయ్యి పంక్తులకు లోబడి ‘కిలో’ అనే ఎడిటరు వ్రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అందులో వెతుకులాట ఉన్నది గాని, కొట్టిన మాటను ఉన్నదున్నట్లు మాత్రమే వెతుకుతుంది. దానికి నమూనాతో వెతికే శక్తిని చేర్చడమే నేను పెట్టుకొన్న పని.

నమూనా అంటే ఏమిటో మన భాషలోనే చెబుతాను. మన జాబితాల్లో ఒకే మనిషి ఒకచోట సుబ్బారావు, మరొకచోట సుబ్బరావు, ఇంకొకచోట సుబ్బా రావు. ముగ్గురినీ విడివిడిగా వెతకనక్కరలేదు. ‘సుబ్బా* *రావు’ అని కొడితే చాలు. నక్షత్రం గుర్తుకు అర్థం, దాని ముందున్నది ఎన్నిసార్లయినా ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు అని. మొదటి నక్షత్రం దీర్ఘానికి, రెండోది ఖాళీకి. అలాగే ‘[బభ]ద్రయ్య’ అంటే ఒత్తు ఉన్న భద్రయ్య, ఒత్తు పోయిన బద్రయ్య ఇద్దరూ దొరుకుతారు. ^ గుర్తు పంక్తి మొదలును, $ గుర్తు పంక్తి చివరను సూచిస్తాయి.

ఈ నక్షత్రానికి క్లీనీ నక్షత్రమని పేరు. 1950ల్లో స్టీఫెన్ క్లీనీ అనే అమెరికన్ గణితవేత్త ఈ నమూనాలకు పునాది వేశాడు. దాన్ని ఎడిటరులోకి తెచ్చినవాడు కెన్ థాంప్సన్. నమూనాను యంత్ర భాషలోకి మార్చి వేగంగా వెతికే పద్ధతిని అతడు 1968లో ప్రచురించాడు. తరువాత బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ కోసం ఈడీ అనే ఎడిటరు వ్రాశాడు. అప్పటికి తెరలు అరుదు, టెలిటైపు కాగితం మీద అచ్చయ్యేది. అందుకే ఆజ్ఞలన్నీ ఒకటి రెండు అక్షరాలే. అక్కడ లీ మెక్‌మహన్ అనే సహోద్యోగికి, అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన 85 ఫెడరలిస్టు వ్యాసాలలో మాటలు వెతకవలసి వచ్చింది. అంత పెద్ద పాఠం ఎడిటరులో పట్టలేదు. అప్పుడు థాంప్సన్ వెతికే భాగాన్ని ఎడిటరు నుంచి విడదీసి గ్రెప్ అనే విడి ప్రోగ్రాముగా చేశాడు. 1973 నాటి యునిక్స్ పుస్తకంలో అది చేరింది. 1976 ప్రాంతంలో బర్క్‌లీలో బిల్ జాయ్ తయారుచేసిన వీఐ ఈ ఆజ్ఞలను తెర మీదికి తెచ్చింది.

ఇక అమరిక సంగతి. వీఐలో / నొక్కి నమూనా కొడితే ముందుకు వెతుకుతుంది, ? నొక్కితే వెనక్కు వెతుకుతుంది. చిన్న ఎన్ నొక్కితే అదే దిక్కులో తరువాతిది, పెద్ద ఎన్ నొక్కితే ఎదురు దిక్కులోది. వాడేవారికి నాలుగు మీటలే. అమర్చేవారికి మాత్రం ప్రతి మీట వెనుక ఒక నిబంధన ఉన్నది.

మొదటి నిబంధన, మొదలుపెట్టే చోటు. కర్సరు ఉన్న అక్షరం నుంచే వెతికితే ఎన్ని సార్లు ఎన్ నొక్కినా అదే మాట దగ్గర నిలబడి ఉంటుంది. కనుక ఒక అక్షరం దాటి మొదలుపెట్టాలి.

రెండవది, ఆగే చోటు. ఫైలు చివరికి పోయాక పైకి వచ్చి మళ్ళీ వెతకాలి. బయలుదేరిన చోటికి చేరగానే ఆగాలి. ఆ గుర్తు పెట్టుకోకపోతే గానుగెద్దు మాదిరి తిరుగుతూనే ఉంటుంది.

మూడవది, పంక్తి మధ్య నుంచి వెతికేటప్పుడు పంక్తిని కత్తిరించి మిగిలిన ముక్కను మాత్రమే ఇవ్వడం. అప్పుడు ఆ ముక్క మొదలే పంక్తి మొదలనుకొని ^ గుర్తు తప్పు చోట అతుకుతుంది. ‘ఇది పంక్తి మొదలు కాదు’ అని విడిగా చెప్పే ఏర్పాటు సీ భాష నమూనా లైబ్రరీలోనే ఉన్నది. దాన్ని వాడుకోవాలి.

నాలుగవది, వెనక్కు వెతకడం. లైబ్రరీకి ముందుకు వెతకడం మాత్రమే వచ్చు. కాబట్టి పంక్తి మొదలు నుంచి దొరికినవన్నీ వరుసగా చూసుకుంటూ పోయి, కర్సరుకు ముందున్న వాటిలో కడపటిదాన్ని తీసుకోవాలి.

అయిదవది మర్యాదకు సంబంధించినది. వెతకడం మధ్యలో ఎస్కేప్ నొక్కి మానుకొంటే కర్సరు పాత చోటికే పోవాలి. బీరువాలోంచి తీసిన ఫైలు తీసిన చోటే పెట్టమని మన సూపరింటెండెంట్లు చెప్పేవారు కాదా, అదే ఇది.

తెలుగు దగ్గరకు వచ్చేసరికి పని ఇంకొంచెం పెరుగుతుంది. మన కంటికి ‘లక్ష్మి’ రెండక్షరాలు. కంప్యూటరు లోపల అది ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కనుక మొత్తం 21 బైట్లు. ఈ యూటీఎఫ్-8ను 1992లో రాబ్ పైక్‌తో కలిసి రూపొందించినది కూడా పైన చెప్పిన థాంప్సనే. ప్రోగ్రాము మొదట్లో ‘ఈ యంత్రం ఏ భాషాపద్ధతిలో నడుస్తున్నదో చూసుకో’ అనే ఒక్క పంక్తి లేకపోతే, లైబ్రరీ మన దీర్ఘాన్ని ఒక గుర్తుగా కాక మూడు బైట్లుగా లెక్కిస్తుంది. అప్పుడు నక్షత్రం చివరి బైటుకు మాత్రమే వర్తించి, సుబ్బరావు దొరకడు.

ఇంకొకటి. ‘రామ’ అని వెతికితే ‘రాములు’ కూడా దొరుకుతాడు. రా, మ అనే సంకేతాలు అక్కడా ఉన్నాయి, కొమ్ము తరువాత వస్తుంది. అందుకని, దొరికిన చోటు తరువాత గుణింతపు గుర్తుగాని, పొల్లుగాని ఉంటే అది అక్షరం మధ్యలో తెగిందని గుర్తించాలి. అక్షరాలు ఒకదానితో ఒకటి కలవకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటున్నది. పేరు చివర అది చేరితే కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం వేరే పేరు. 1990ల్లో డి.టి.పి. ఫాంట్లలో కొట్టిన జాబితాల సంగతి మరీ విచిత్రం. తెర మీద తెలుగే, లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఈనాటి తెలుగు మీటలతో అందులో ఏ పేరు వెతికినా దొరకదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అసలు విషయం ఇక్కడున్నది.

కొంతకాలం క్రితం మన సహాయ కేంద్రానికి ఒక సోదరి వచ్చారు. భర్త కాలం చేశారు. కుటుంబ పెన్షను కోసం ఒక కార్యాలయానికి వెళితే కంప్యూటరు చూసి, ‘ఈ పేరు జాబితాలో లేదమ్మా’ అని పంపివేశారు. మూడుసార్లు తిరిగారు. నాలుగోసారి మన సభ్యులొకరు వెంట వెళ్ళి పి.పి.ఓ. నంబరుతో వెతికించారు. వెంటనే దొరికింది. పేరులో ఒక దీర్ఘం లేదు, అంతే తేడా. ఆ కుర్చీలోని అబ్బాయి అబద్ధం చెప్పలేదు. యంత్రం చెప్పినది చెప్పాడు. యంత్రమూ అబద్ధం చెప్పలేదు. అడిగిన దానికి జవాబిచ్చింది. కాని ‘మీరు కొట్టిన ఈ అక్షరాలు లేవు’ అన్న మాట, కౌంటరు దాటి ఆవిడ చెవిన పడేసరికి ‘మీ ఆయన లేడు’ అన్నంత పని అయింది.

అందువల్ల వెతికే ఆజ్ఞ అమర్చేటప్పుడు దొరికినప్పుడు ఏం చేయాలన్న దానికంటే, దొరకనప్పుడు ఏం చెప్పాలన్నదే పెద్ద ప్రశ్న అని నాకు తోచింది. పాత ఈడీ ఎడిటరు ఏ తేడా వచ్చినా ఒక్క ప్రశ్నార్థకం వేసి ఊరుకొనేది. నమూనా తప్పా, మాట లేదా, ఆజ్ఞే తప్పా, మనమే తేల్చుకోవాలి. వాడేవారందరూ నిపుణులైనచోట అది చెల్లింది. తరువాత వచ్చిన విమ్ అనే ఎడిటరు చివరికి వెళ్ళి మళ్ళీ పైనుంచి వెతుకుతున్నానని ఒక పంక్తి వేస్తుంది. ఇది మెరుగు.

నా చిన్న ఎడిటరులో మూడు జవాబులను విడదీశాను. చదరపు కుండలీకరణం తెరిచి మూయకపోతే ‘నమూనా అసంపూర్ణం, వెతకలేదు’ అంటుంది. ఫైలంతా తిరిగినా దొరకకపోతే ‘ఈ ఫైలులోని ఇన్ని పంక్తులలో, ఈ నమూనాకు సరిపోయేది లేదు’ అని నమూనాను తిరిగి చూపుతుంది. చుట్టి వచ్చి దొరికితే ‘చివర దాటి, మొదటి నుంచి వెతకగా దొరికింది’ అంటుంది. దీనికి పెద్ద తెలివి అక్కరలేదు. నమూనా తప్పడం వేరు, దొరకకపోవడం వేరు అని లైబ్రరీ తానే రెండు వేర్వేరు సంకేతాలిస్తుంది. ఆ రెంటినీ కలిపి ‘లేదు’ అనే ఒక్క మాటలో పడవేయకుండా ఉంటే చాలు.

ఈ నియమం మనకు కొత్తది కాదు. రిజిస్ట్రేషను ఆఫీసులో ఇచ్చే నిల్ ఈ.సీ. గుర్తు తెచ్చుకోండి. ఆస్తి మీద బాకీ లేదని ఊరికే అనదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా ఆస్తికి సంబంధించి వెతికితే కనబడలేదని వ్రాస్తుంది. ఎంతవరకు చూశామో చెప్పిన తరువాతే లేదనడం. మంచి రికార్డు కీపరు నోటు కూడా అలాగే ఉండేది. ‘దొరకలేదు’ అని గీకిన నోటును వెనక్కు పంపి, ఏ రిజిస్టర్లు చూశావో వ్రాయమనే అధికారుల దగ్గర మనలో చాలామంది పనిచేశాము.

అలాగని నమూనాను మరీ వదులుగా పెట్టడమూ ప్రమాదమే. ‘సు.*రావు’ అని కొడితే సుబ్బారావుతో పాటు సుధాకరరావు, సుందరరావు కూడా వస్తారు. చుక్క అంటే ఏదైనా ఒక గుర్తు, చుక్కా నక్షత్రమూ కలిస్తే ఏదైనా ఎంతైనా అని. అందులో మొదటివాడిని పట్టుకొని ఇతడేనంటే ఒకరి పెన్షను మరొకరి ఖాతాలో పడుతుంది. నమూనా మనిషిని తేల్చదు. ఎవరెవరిని చూడాలో జాబితా ఇస్తుంది. తేల్చవలసినది పి.పి.ఓ. నంబరు, పుట్టిన తేదీ, వాటిని చూసే కన్ను.

చివరగా సహాయ కేంద్రంలో పనిచేసే మిత్రులకు మూడు మనవులు. ఎవరైనా వచ్చి ‘పేరు లేదన్నారు’ అంటే, ఏ పేరు కొట్టారు, ఏ జాబితాలో చూశారు, నంబరుతో చూశారా అని అడిగి కాగితం మీద వ్రాసుకోండి. ప్రతి సభ్యుడి పేరును సర్వీసు రిజిస్టరులో, పి.పి.ఓ.లో, బ్యాంకు పాస్‌బుక్కులో, ఆధార్‌లో ఎలా ఉన్నదో నాలుగు విధాలా మన సంఘం జాబితాలో చేర్చండి. భార్య పేరు లేదా భర్త పేరు కూడా అలాగే. ఈ పని మనం బ్రతికి ఉండగా చేస్తే అరగంట. తరువాత ఇంట్లోవారు చేయవలసి వస్తే ఎన్ని నెలలో చెప్పలేము.

ఎడిటరు కావలసినవారికి ఉచితంగా ఇస్తాను. నేర్చుకొంటామంటే మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ చూద్దాం. డి.ఏ. బకాయిల మీద మాట్లాడవలసిన మిత్రులు ఎదురుచూస్తున్నారు కనుక ముగిస్తున్నాను.