సైకిలు తొక్కు పిల్లలు - శిరస్త్రాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సాయంకాలము మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలలో పలువురు సైకిళ్లపై వచ్చువారే. వారి సైకిళ్లలో ఒక్కదానికైనను హెల్మెట్టు వ్రేలాడుట నేను చూడలేదు. కారణమేమని పిల్లలనే అడిగితిని. "ఏటి మాస్టారూ, సైకిలికి కూడానా?" అని ఒక బాలుడు ఆశ్చర్యపడెను. ఉక్కపోత యని ఒకడు, జడలు పట్టవని ఒక బాలిక, ఊరంతయు నవ్వుదురని మరియొకరు చెప్పిరి. మొదటి బాలుని మాటయందే విషయమంతయు ఇమిడియున్నదని నా అభిప్రాయము.

హెల్మెట్టు తలకు సంబంధించిన వస్తువని మన పిల్లలు ఎరుగరు. అది మోటారుసైకిలుకు, అంతకంటె పోలీసులకు సంబంధించినదని తలచుచున్నారు. అట్లు నేర్పినది పెద్దలే. తండ్రి హెల్మెట్టును ట్యాంకుపై పెట్టుకొని ఊరు దాటును; కూడలిలో పోలీసు కనబడగానే తలకెక్కించును; అవతల దింపివేయును. వెనుక కూర్చున్న బిడ్డ ఈ పాఠమును పుస్తకము లేకయే నేర్చుకొనుచున్నాడు.

చట్టమును చూచినను చిత్రముగనే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 2019 సవరణ ననుసరించి, మోటారుసైకిలుపై పోవు నాలుగేండ్లు దాటిన వారికి హెల్మెట్టు విధించినది. తలపాగా ధరించు సిక్కులకు మినహాయింపు కలదు. నాలుగేండ్ల లోపు బిడ్డలకు, తొమ్మిది నెలలు నిండినచో, సైకిలు హెల్మెట్టయినను పెట్టవచ్చునని 2022లో వెలువడిన కేంద్ర నియమము చెప్పుచున్నది. సైకిలు హెల్మెట్టు ఆ నియమములో చోటు సంపాదించినది గాని, సైకిలు తొక్కువాని కొరకు మాత్రము కాదు!

అట్లని శాసనముతో నిర్బంధింపుమని నేను కోరను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1990 జులై 1 నుండి సైకిలు తొక్కువారికి హెల్మెట్టు తప్పనిసరి చేసెను. ప్రపంచమున అదియే మొదటిది. ధరించువారు పెరిగిరి. కాని మెల్బోర్న్ నగరమున సైకిలు తొక్కు పన్నెండు మొదలు పదునేడేండ్ల పిల్లలు బాగుగా తగ్గిరి. మన బాలికలు సైకిలెక్కి ఉన్నత పాఠశాలకు పోవుట ఎంతటి మార్పో మీరెరుగుదురు. హెల్మెట్టు పేరిట ఆ సైకిలును మాన్పించుట నాకిష్టము లేదు.

పిల్లలకు తలమీద బరువు ఇష్టముండదందురు. పాఠశాల వార్షికోత్సవములో తాండ్ర పాపారాయుని వేషము వేయు బాలుని చూడుడు. చెమటలు కారుచున్నను అట్టకిరీటమును దింపడు. నలుగురు మెచ్చు వస్తువు బరువుగా తోచదు. తోడివారు నవ్వునది దూదియైనను బరువే. సైకిలు హెల్మెట్టు మోటారుసైకిలు హెల్మెట్టువంటిది కాదు. గాలి చొరుటకు సందులుండును, తూకము మూడువందల గ్రాముల ప్రాంతము. అందలి థర్మోకోలు వంటి దళసరి పొర తాను నలిగి, తలకు తగులు దెబ్బను తగ్గించును. లారీ క్రింద పడినవానిని అది కాపాడునని నేను చెప్పను. గతుకులో చక్రము జారి తారురోడ్డుపై తల కొట్టుకొన్న బిడ్డకు అక్కరకు వచ్చును. తండ్రి హెల్మెట్టును బిడ్డకు తగిలించి పంపుట మాత్రము పనికిరాదు. వదులుగా నున్నది పడుటకు ముందే కన్నులమీదికి జారును.

కమిటీవారు అంగీకరించినచో, పిల్లల కొలతలలో ఐదారు హెల్మెట్లు కొని గ్రంథాలయమునకిచ్చెదను. పుస్తకమువలె వారము దినములకు ఎరువియ్యవచ్చును. ఇద్దరు ముగ్గురు స్నేహితులకు ఒకేమారు ఇచ్చుట మేలు. ఒంటరిగా పెట్టుకొన్నవాడే నవ్వులపాలగును. కనుబొమలకు రెండు వ్రేళ్ల ఎత్తున నిలుచునట్లు, గడ్డము క్రింది పట్టీ బిగువుగా నుండునట్లు ఇచ్చునప్పుడే సరిచూడవలెను. తల్లులు పేల సంగతి అడుగక మానరు. ఊడివచ్చు మెత్తలున్న వానినే కొనెదను, వారమునకొకమారు ఉతుకవచ్చును. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు, పైకి చెక్కుచెదరక కనబడినను, మరల వాడరాదు. కావున దానికి జరిమానా పెట్టవలదని మనవి. జరిమానా యున్నచో పిల్లలు దుమ్ము తుడిచి, ఏమియు జరుగనట్లే తెచ్చి బల్లపై పెట్టుదురు.