సాగర్ రోడ్డు ప్రక్కన నక్షత్రముల లెక్క
(తుర్కయంజాల్‌లో పరిసర గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మీరు పాత సర్వే రాళ్ళను, సేత్వారును వెదకుదురు. ఆకాశమునకును అట్టి పాత రికార్డు కలదు. అందొక భాగము మన హైదరాబాదులోనే తయారైనది.

1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో తన సొంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యనంతరము అది నిజాము ప్రభుత్వపరమై బేగంపేటకు తరలినది. అప్పటికే పలుదేశముల వేధశాలలు ఆకాశమును పట్టీలుగా పంచుకొని ఛాయాచిత్రములు తీయుచుండెను. దక్షిణాకాశమున 17 నుండి 23 డిగ్రీల పట్టీ మనకు వచ్చినది. రైతులెరిగిన అనూరాధ నక్షత్రములోని ప్రధాన తారలలో రెండు అందులోనివే. టి.పి. భాస్కరన్ మొదలగువారు ఏండ్ల తరబడి శ్రమించి ఏడు లక్షలకు పైగా తారల స్థానములను 12 సంపుటములలో ప్రకటించిరి.

చుక్కలను లెక్కించిన పంటకేమి లాభమని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పంటకు లాభము లేదు. కాని తారలు కదలుచున్నవి. ఆ కదలిక మిక్కిలి స్వల్పము గనుక దానిని కొలుచుటకు పాత స్థానము తెలియవలెను. 2000లో వెలువడిన 25 లక్షల తారల పట్టికకు హైదరాబాదు కొలతలు పాత సర్వే రాళ్ళవలె పనికివచ్చినవి. పిదప 2013లో ఐరోపావారు పంపిన గయా ఉపగ్రహము ఇంచుమించు 180 కోట్ల తారలను కొలిచినది. ఇట్టి కొలతలనుబట్టి మన పాలపుంతను తూచిన, కంటికగపడు తారలు, వాయువుల బరువు చాలుటలేదు. కనబడని పదార్థమేదో అధికముగా కలదు. అదేమిటో నేటికిని తేలలేదు.

నగర దీపములు పెరిగినకొలది బేగంపేటలో చుక్కలు మసకబారెను. అందుచే ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు చీకటిని వెదకుచు, ఈ సాగర్ రోడ్డు మీదుగానే ఇబ్రహీంపట్నము దాటి, జాపాల–రంగాపురముల చెంత 48 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని స్థాపించిరి. 1968లో అది పనికి వచ్చినది. ఒండొంటిని మరుగుపరచుచు తిరుగు జంట తారల వెలుగు తగ్గుటను గణించి, వాని పరిమాణమును అచట కనుగొనుచుండిరి. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణము అచటినుండి కనబడినది.

ఇక మీ చేతిలోని పని. వీధిదీపము వెలుగు నేలమీద పడవలెను గాని మబ్బులమీద కాదు. పైకి పోవు వెలుగునకును కరెంటు బిల్లు కట్టునది పంచాయతీయే! నీలిఛాయగల తెల్లని వెలుగు గాలిలో ఎక్కువగా చెదరి ఆకాశమును కప్పివేయును. పసుపు వెలుగు అంతగా చెదరదు. దీపములు కొనునప్పుడు పైన మూత కలిగి, క్రిందికే వెలుగునిచ్చు పసుపుఛాయ దీపములను కోరుడు. ఆడవారు, పిల్లలు నడచు దారిలో వెలుగు తగ్గింపవలసిన పనిలేదు. దానిని నేలకు త్రిప్పిన చాలును.