బాలికలును ఇంజనీరింగు విద్యయు



మన విద్యానిధినుండి బాలికలకు ఇంజనీరింగు చదువునకై ధనమిచ్చుట వృథాయని నిన్న ఈ పందిటిలోనే కొందరు పెద్దలు సెలవిచ్చిరి. వారికి అయ్యలసోమయాజుల లలితగారి చరిత్రమును విన్నవించెదను.

1937లో, 18వ యేటనే, ఆమె వితంతువయ్యెను, ఒడిలో పసికూన. తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన యండతో ఆమె యచ్చటనే విద్యుచ్ఛాస్త్రమును చదివి 1943లో ముగించెను. పట్టముపై ముద్రితమైన "అతడు" అను పదమును కొట్టివేసి "ఆమె" యని వ్రాయవలసివచ్చెను. (అచ్చువేసినవారికిని మన పెద్దల యనుమానమే కాబోలు!) పిమ్మట కలకత్తాలో పనిచేయుచు భాక్రానంగల్ విద్యుత్ప్రసార మార్గముల రూపకల్పనలో పాల్గొనెను. 1964లో న్యూయార్కునందు జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమాంతర్జాతీయ సభకును వెళ్ళెను.

బాలికల దరఖాస్తులు కార్యదర్శిగారి బల్లపై నున్నవి. వానిని ఈ పూటయే సభలో చదివింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.