ఆకు మీద రెట్ట కాదు



పెరట్లో నిమ్మ చెట్టు ఉంటే ఒకసారి లేత ఆకులు చూడండి. పిట్ట రెట్ట వేసినట్టు గోధుమరంగు మచ్చ, అందులో తెల్లటి చార కనిపించవచ్చు. పుల్లతో కదిలించండి. ఆ రెట్ట నడుస్తుంది! అది పురుగు. పిట్టల కంట పడకుండా ఆ వేషం వేసింది. రెట్టను ఏ పిట్ట తింటుంది?

అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. తల్లిని మీరు చూసే ఉంటారు. నల్లటి రెక్కల నిండా లేత పసుపు మచ్చలు. వెనక రెక్కల చివర ఎర్ర బొట్టు. ఆసియాలో చాలా దేశాల్లో ఇది ఉంది.

తల్లి ఆకు మీద వాలి ముందుకాళ్లతో తడుతుంది. దానికి కాళ్లతోనే రుచి తెలుస్తుంది. నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు, కరివేపాకు లాంటివైతేనే గుడ్డు పెడుతుంది. గుడ్డు ఆవగింజంత ఉంటుంది.

కొద్ది రోజులకు పురుగు బయటికి వస్తుంది. ఇక తిండే తిండి. ఒళ్లు పెరుగుతుంది గాని చర్మం పెరగదు. పిల్లకు పాత రవిక బిగుతైనట్టే! ఆ చర్మం విడిచేస్తుంది. ఇలా నాలుగుసార్లు. చివరికి ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు చాపుతుంది. ఘాటు వాసన కొడుతుంది. భయపడకండి, అది కుట్టదు.

మరి మందు కొట్టాలా? పెద్ద చెట్టుకు నాలుగు పురుగులతో ఏమీ కాదు. మళ్లీ చిగురు వేస్తుంది. నిరుడు నాటిన మొక్క సంగతి వేరు. ఆకులన్నీ పోతే అది కోలుకోవడం కష్టం. నారుమడుల్లో, తోటల్లో రైతులకు ఈ పురుగు నిజంగా బెడదే. ఇంటి మొక్కకైతే పొద్దున్నే ఆకులు తిప్పి చూసి ఏరేస్తే చాలు. కరివేపాకు మీద మాత్రం మందు కొట్టకండి. ఆ ఆకు సాయంత్రం చారులో పడుతుంది.

బాగా తిన్నాక పురుగు కొమ్మెక్కి సన్నటి పట్టుదారంతో నడుము కట్టుకుంటుంది. తాడెక్కే గీతకార్మికుడు మోకు కట్టుకున్నట్టే. పట్టుపురుగులా గూడు అల్లదు. ఆఖరి చర్మం విడిచి గట్టి డొల్లగా మారుతుంది. పచ్చటి చోట పచ్చగా, ఎండు కొమ్మ మీద గోధుమరంగులో ఉంటుంది. వారం పది రోజులకు డొల్ల పగులుతుంది. చలికాలంలో ఇంకా ఆలస్యం. బయటికి వచ్చినప్పుడు రెక్కలు పిండిన గుడ్డలా ముడతలు పడి ఉంటాయి. కాసేపు వేలాడి, ఆరాక ఎగురుతుంది.

గుడ్డు నుంచి ఇంతవరకు నెల రోజులు. ఎగిరాక బతికేది కొద్ది రోజులే. బోరింగు పక్కన తడి నేల మీద వాలేవి ఎక్కువగా మగవి. మట్టిలోని ఉప్పు పీల్చుకుంటాయి.