జొన్నరొట్టెకు తోడు

(షోలాపురం తెలుగు పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చర్మ సంరక్షణను గురించి, రోగనిరోధక శక్తిని గురించి మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. అంగడిలో దొరికే లేపనాల ప్రస్తావన నేను తేబోవడం లేదు. షోలాపురంలో మన కంచాలలో నిత్యం కనిపించే జొన్నరొట్టెను గురించి చెప్పదలచాను.

పెల్లగ్రా అనే వ్యాధి ఒకటి ఉన్నది. ఇటాలియను భాషలో ఆ మాటకు గరుకు చర్మమని అర్థం. ఎండ తగిలే ముంజేతులు, పాదాలు, మెడ నల్లబడి, గరుకెక్కి, పొరలుగా ఊడుతాయి. రెండు చేతులకూ ఒకే తీరున రావడం దీని గుర్తు. మెడ చుట్టూ కంటె వేసినట్లు మచ్చ ఏర్పడుతుంది. నాలుక ఎర్రబడి మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది. చికిత్స జరగకపోతే ప్రాణాపాయమే.

ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ వ్యాధి ప్రబలింది. అంటురోగమని పలువురు వైద్యులు భావించారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి పరిశోధనకు నియమించింది. అనాథాశ్రమాలలో పిల్లలకు వస్తున్నదే గాని, వారిని సాకే సిబ్బందికి రావడం లేదని ఆయన గమనించాడు. అంటురోగమైతే సిబ్బందిని మాత్రం విడిచిపెడుతుందా? భేదం భోజనంలో ఉన్నది. పిల్లలకు పెట్టేది ప్రధానంగా మొక్కజొన్న. పాలు, గుడ్లు, చిక్కుళ్లు పెట్టించగా వ్యాధి తొలగిపోయింది. అయినా నమ్మనివారి కోసం 1916లో ఆయన రోగుల రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు. ఆయన భార్య కూడా అందుకు సిద్ధపడింది. ఆ ఇల్లాలి ధైర్యాన్ని తలచుకునేవారు తక్కువ! ఇద్దరికీ ఏ ఆపదా కలుగలేదు. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో తేలింది. నేడు దానినే నయాసిన్ అంటున్నాము.

మన దక్కను పీఠభూమిలో మొక్కజొన్న బదులు జొన్న తినే పేదలలో ఇదే వ్యాధి కనిపించింది. హైదరాబాదులో పోషకాహార పరిశోధన సాగించిన కొలత్తూర్ గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు 1960లో దీనికొక కారణం ప్రతిపాదించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికమనీ, శరీరం నయాసిన్‌ను వినియోగించుకోవడానికి అది అడ్డుపడుతుందనీ వారి వాదన. తరువాత దానిపై శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు నడిచాయి. నా మట్టుకు నేను జొన్నను నిందించను. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. ఒకనాటి పేదల తిండి నేడు ధనికుల పళ్లెంలోకి చేరింది. హాని చేసినది జొన్న కాదు, తోడులేని జొన్న.

ఆ తోడు మనకు దూరాన లేదు. రొట్టెతో నంజుకునే పల్లీల పొడినే తీసుకోండి. పల్లీలలో నయాసిన్ పుష్కలం. పాలలో, గుడ్డులో నయాసిన్ స్వల్పమే గాని, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉన్నది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి శరీరం ఒక మిల్లీగ్రాము నయాసిన్‌ను తయారుచేసుకుంటుంది. కందిపప్పు, మజ్జిగ, పుంటికూర చేరితే ఆ భోజనానికి పెద్ద లోటుండదు. వట్టి రొట్టె, కారం, చాయతో మగ్గం దగ్గరికో, బీడీల చాట ముందుకో వెళ్లేవారిని గురించే నా బెంగ.

పిల్లల మోచేతుల మీద, మోకాళ్ల మీద ముళ్లవలె పొక్కులు లేచి చర్మం కప్పచర్మంలా మారడం మరొక లోపానికి సూచన. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు, బి-విటమిన్లు చాలనప్పుడు ఇది వస్తుంది. ఈ ప్రాంతంలో పండే కుసుమల నూనెలో ఆ కొవ్వు ఆమ్లాలు సమృద్ధి. మునగాకులోని కెరోటిన్ ఒంటబట్టాలన్నా కాస్త నూనె ఉండవలసిందే.

రోగనిరోధక శక్తి అనే మాట 2020లో కరోనా వచ్చిన తరువాత ఇంటింటా వినిపించింది. ఆ పేరుతో డబ్బాలూ అమ్ముడుపోయాయి. రోగక్రిములకు మొదటి అడ్డుగోడ చర్మమే. ప్రేగుల లోపలి పొర కూడా అటువంటిదే. మాంసకృత్తులు, విటమిన్ ఎ, జింకు చాలకపోతే ఆ గోడలు బలహీనపడతాయి. డబ్బాల కన్నా పప్పుగిన్నె మీదనే నాకు నమ్మకం.

పెల్లగ్రా నేడు అరుదే గాని అంతరించలేదు. తిండి మాని మద్యం తాగేవారిలో కనిపిస్తుంది. క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరిగా తిననివారిలోనూ రావచ్చు. అంతమాత్రాన మందు మానరాదు, వైద్యునికి చెప్పాలి. మెడ నల్లబడితే ఎండ అనో, దిష్టి అనో ఊరకుండకండి. సకాలంలో చికిత్స మొదలుపెడితే నాలుక మంట కొద్ది రోజులలోనే తగ్గుతుంది. చర్మం కుదుటపడడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది.