అమెరికా చరిత్రమును చెప్పిన కంఠములు

1861 మొదలు 1865 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ సాగిన అంతర్యుద్ధమునకు ఒక్క చలనచిత్రపు తునకయు లేదు. ఉండుటకు వీలును లేదు; చలనచిత్రము అప్పటికింకను పుట్టలేదు. ఫోటోగ్రఫీ ఉన్నది గాని, తడిరసాయనము పూసిన గాజుపలకపై బొమ్మ నిలుచుటకు కొన్ని క్షణములు పట్టెడిది. కదలునదేదియు అందులో చక్కగా పడదు. కావున మనకు మిగిలినవి, పోరునకు ముందు కదలక నిలిచి తీయించుకొన్న సైనికుల ముఖములు, పోరు ముగిసిన పిదప పొలములలో పడియున్న శవములు. 1862 సెప్టెంబరులో ఆంటీటమ్ రణరంగమున అలెగ్జాండర్ గార్డినర్ తీసిన బొమ్మలు ఇట్టివే. ఆ రెంటి నడుమ జరిగినది బొమ్మలలో లేదు.

ఇంతమాత్రపు సామగ్రితో టెలివిజన్‌లో పదకొండు గంటల కథ చెప్పుట ఎట్లు? కెన్ బర్న్స్ అను నిర్మాత ఆ పనికి పూనుకొనెను. యుద్ధము నాలుగేండ్లు సాగగా, దానిని గూర్చిన చిత్రమునకు ఐదేండ్లకు పైగా పట్టినది. 'ది సివిల్ వార్' అను పేర తొమ్మిది భాగములుగా, 1990 సెప్టెంబరు 23 నుండి 27 వరకు వరుసగా ఐదు రాత్రులు పి.బి.ఎస్. అను ప్రజా ప్రసార సంస్థ దానిని ప్రసారము చేసెను. సుమారు 4 కోట్ల మంది ఏదో యొక భాగమునైనను చూచిరి. నిశ్చలచిత్రముపై కెమెరాను మెల్లగా జరుపుచు దానికి చలనము కల్పించు పద్ధతిని నేడు బర్న్స్ పేరనే పిలుచుచున్నారు. అది ఆయన కనిపెట్టినది కాదు. 1957లో కెనడావారు తీసిన 'సిటీ ఆఫ్ గోల్డ్' అను చిత్రములోనే ఆ నేర్పు కానవచ్చును.

మాకు తోచినంతవరకు, ఆ చిత్రమునకు ప్రాణము బొమ్మ కాదు, కంఠము. కన్నులు మూసికొని విన్నను సగము కథ మనసునకెక్కును. రేడియో నాటకమునకు అలవాటుపడిన ఇండ్లవారికి ఈ మర్మము వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. మొదటి భాగము చివర ఒక ఉత్తరము చదువుదురు. రోడ్ ఐలండు దళమునకు చెందిన సలివన్ బల్లూ అను అధికారి 1861 జూలై 14న తన భార్య సారాకు వ్రాసినది. వారము తిరుగగానే, జూలై 21న, బుల్‌రన్ యుద్ధములో ఆయన గాయపడి, కొన్ని దినములకు మరణించెను. చదువు నటుడు గొంతు పెంచడు, ఏడ్వడు; ఇంటి దీపము ముందు కూర్చుండి వ్రాసికొన్నట్లు చదువును. వెనుక వినవచ్చు వయొలిన్ పాటను ఆ యుద్ధకాలపుదే యని పలువురు నమ్మిరి. దానిని జే అంగర్ అను సంగీతజ్ఞుడు కూర్చినది 1982లో!

అయితే చిక్కు ఇక్కడనే ఉన్నది. ఉత్తరము చదువవలెనన్న, దానిని వ్రాసినవారు ఉండవలెను గదా. ఏ బానిసత్వము ఆ యుద్ధమునకు మూలమో, ఆ బానిసత్వమున 1860 నాటికి దాదాపు 40 లక్షల మంది మ్రగ్గుచుండిరి. (వారు ఏరిన ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరకపోవుటచేతనే ఆ యుద్ధకాలమున మన దేశపు ప్రత్తికి మంచి ధర పలికినది.) దక్షిణ రాష్ట్రములు పెక్కు, వారికి అక్షరములు నేర్పుటయే నేరమని శాసించినవి. బానిసత్వము నుండి తప్పించుకొని గొప్ప వక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్ వంటివారి మాటలు చిత్రములో వినిపించును, నిజమే. కాని పుట్టలు పుట్టలుగా ఉత్తరములు మిగిల్చిన సైనికుల ప్రక్కన ఆ పలుకులు కొద్దివే.

వ్యాఖ్యాతల విషయమునను ఇంతే. మిసిసిపీ నవలాకారుడైన షెల్బీ ఫుట్ కథ చెప్పు తీరు మనోహరము. ఇరుపక్షముల వీరులను ఆయన తన బంధువులవలె తలచుకొనును. బార్బరా ఫీల్డ్స్ అను చరిత్రాచార్యురాలు, బానిసలు తమ విముక్తికై తామే కదలిరనియు, ఆ యుద్ధము నేటికిని పూర్తి కాలేదనియు తేటగా చెప్పెను. ఆమె తెరపై కనిపించిన కాలము ఫుట్‌కు దొరకిన కాలములో చిన్న పాలు. 1996లో వెలువడిన ఒక వ్యాససంపుటమున చరిత్రకారులు ఈ చిత్రమును గట్టిగా పరీక్షించిరి. ఆ పరీక్ష న్యాయమైనదే యని మా అభిప్రాయము.

పత్రములు లేనిచోట కల్పన వచ్చి చేరును. 1977 జనవరిలో ఎ.బి.సి. సంస్థ ఎనిమిది రాత్రులు ప్రసారము చేసిన 'రూట్స్' అట్టిది. అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన గ్రంథము దానికి ఆధారము. ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన కుంటా కింటే అను యువకుని వంశకథ అది. కడపటి రాత్రి సుమారు 10 కోట్ల మంది చూచిరి. పిమ్మట వంశావళి పరిశోధకులు హేలీ చూపిన ఆధారములు రికార్డులతో పొసగవని తేల్చిరి. మరియొకరి నవల నుండి భాగములు తీసికొన్నందులకు 1978లో ఆయన 6,50,000 డాలర్లు చెల్లించి రాజీపడెను. అయినను, బానిస నావలోని చీకటిని కోట్లాది ఇండ్లలోనికి మొదట తెచ్చినది ఆ కల్పనయే.

నిజమైన కంఠములును కొన్ని దొరకినవి. 1936-38 సంవత్సరములలో ప్రభుత్వమువారి రచయితల పథకము క్రింద, జీవించియున్న 2,300 మందికి పైగా పూర్వబానిసల మాటలను వ్రాసికొనిరి. 2003లో హెచ్.బి.ఓ. ప్రసారము చేసిన 'అన్‌చెయిన్డ్ మెమరీస్'లో నల్లజాతి నటీనటులు వానిని చదివిరి. వినునప్పుడు ఒక సంగతి మరువరాదు: ప్రశ్నలడిగినవారు చాలవరకు దక్షిణదేశపు తెల్లవారు. ఆ ముసలివారు ఎదుట కూర్చున్న వానిని చూచి ఎంత చెప్పవలెనో అంతే చెప్పి యుందురు. ఆ జంకు కాగితముపై కనిపించదు. చదువువారి గొంతు ఆగినచోట కొంత తెలియును.

హెన్రీ హాంప్టన్ మరియొక త్రోవ పట్టెను. చిన్ననాట పోలియో సోకి కాలు చెడినను, ఆయన 1965లో అలబామాలోని సెల్మాలో పౌరహక్కుల యాత్రలో నడచినవాడు. 1987లో ఆరు భాగములుగా, 1990లో మరి ఎనిమిది భాగములుగా వెలువడిన ఆయన 'ఐస్ ఆన్ ది ప్రైజ్', తెరపై పండితులను కాక, ఆ ఉద్యమమున పాల్గొన్నవారిని మాటలాడించెను. సెల్మాలో యాత్రికుల నడ్డగించిన షెరీఫ్ జిమ్ క్లార్క్‌ను సైతము పిలిచి కూర్చుండబెట్టెను. దెబ్బతిన్నవాడును, దెబ్బకొట్టించినవాడును ఒకే చిత్రములో పలికిరి. మేము పేర్కొన్న వానిలో మొదట చూడదగినది ఏదియని అడిగినచో దీనినే చెప్పుదుము.

కాని ఆ చిత్రమునకు కొనిన పాత వార్తాచిత్రములకు, ఛాయాచిత్రములకు, పాటలకు హక్కులు కొన్నేండ్లవరకే. 1990ల నడుమ ఆ గడువులు తీరిపోవుటచే అది ప్రసారమునకును, అమ్మకమునకును పనికిరాకపోయెను. గ్రంథాలయములలో నిలిచిన టేపులు అరిగిపోవుచు వచ్చినవి. ఫోర్డ్ ఫౌండేషన్ మొదలగువారి విరాళములతో హక్కులు మరల కొని, 2006 అక్టోబరులో పి.బి.ఎస్. దానిని తిరిగి ప్రసారము చేసెను. హాంప్టన్ 1998లోనే మరణించెను.