తరుగు తీసే తిట్టు
(అలిశెట్టి ప్రభాకర్ స్మారకోపన్యాసం, కరీంనగర్)



అలిశెట్టి ప్రభాకర్ పేరిట మాట్లాడమని అడగగానే ఒప్పుకున్నాను. ఆయన కవిత్వం గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లో ముందు వరుసలోనే కూర్చున్నారు. ‘ఎర్ర పావురాలు’ నుంచి ‘సిటీ లైఫ్’ దాకా మీరంతా చదివినవే, నేను మళ్లీ ఏకరువు పెట్టను. నాకు ఆయన ముందుగా ఫొటోగ్రాఫర్. జగిత్యాలలో పూర్ణిమ, ఇక్కడ కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ, ఇట్లా మూడు స్టూడియోలు నడిపారు. హాల్‌టికెట్ కోసం నేను ఫొటో దిగింది శిల్పిలోనే. ఆ వయసుది నాకున్న ఫొటో అదొక్కటే. ఇప్పటికీ సర్టిఫికెట్ల మధ్య భద్రంగా ఉంది. 1993 జనవరి 12న క్షయ ఆయన్ను తీసుకుపోయింది. ఆయనకు చేతులెత్తి మొక్కి, చాలా ఏళ్లుగా నేను పడుతున్న పేచీలోకి వస్తాను.

కించపరిచే మాట వింటే మనకు కోపం వస్తున్నది. రావాలె కూడా. నా పేచీ ఆ కోపాన్ని కాగితం మీద పెట్టే తీరుతోనే. ‘మా మనోభావాలు గాయపడ్డాయి’ అని రాసిస్తున్నాం. అవతలివాడు క్షమాపణ చెప్తడు, ఒక సీను కోస్తడు, పేరు మారుస్తడు. కేసు అయిపోయింది అంటారు. వ్యాపారంలో తిట్టు పనిచేసేది మనోభావం మీద ఒక్కటే కాదు. కూలి తగ్గించడానికి, రేటు కోయడానికి, పని ఇవ్వకుండా పంపించడానికి దాన్ని వాడతారు. మన ఫిర్యాదులో ఆ లెక్క ఎక్కడా ఉండటం లేదు.

ఈ పదేళ్ల పైచిలుకు గొడవలు మీకు గుర్తే. 2012 అక్టోబర్‌లో ‘కెమెరామెన్ గంగతో రాంబాబు’ తెలంగాణ ఉద్యమాన్ని చులకన చేసిందని థియేటర్ల ముందు ఆందోళనలు జరిగితే సీన్లు తీసేశారు. 2014 జూన్‌లో కొత్త రాష్ట్రపు ఎమ్మెల్యేలను ఒక టీవీ కార్యక్రమం ఎగతాళి చేసిందని కేబుల్ వాళ్లు రెండు చానళ్ల ప్రసారం ఆపేశారు. 2017లో కంచ ఐలయ్య పుస్తకంలోని వైశ్యుల అధ్యాయం చిన్న పుస్తకంగా రాగానే ఊరూరా నిరసనలు. సెప్టెంబర్‌లో మన పక్కనే పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగింది. పుస్తకాన్ని నిషేధించమన్న పిటిషన్‌ను అక్టోబర్ 13న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు చేసింది న్యాయమే. పుస్తకానికి జవాబు పుస్తకమే కావాలె, రాయి కాదు. అయితే అన్ని వారాల రభసలో, ఏ కులపువాళ్ల దుకాణమైనా సరే, అందులో బస్తాలు మోసే జీతగాణ్ని రోజూ ఏమని పిలుస్తారని ఎవరూ అడగలేదు. ఐలయ్య పక్షానా అడగలేదు, ఎదుటి పక్షానా అడగలేదు.

2019 సెప్టెంబర్ 20న విడుదలైన సినిమా సంగతి కొంచెం నిలబడి చూడాలె. దాని దర్శకుడు హరీశ్ శంకర్ మన ధర్మపురివాడు. సినిమాకు ‘వాల్మీకి’ అని పేరు పెట్టారు. గూండా కథకు ఆ పేరేమిటని బోయ సోదరులు అభ్యంతరం చెప్పారు, కోర్టుకు పోయారు. విడుదల ముందు రోజు అది ‘గద్దలకొండ గణేష్’ అయింది. పోస్టర్లు మారాయి, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ గూండా మాట్లాడేది మన యాస. దాని గురించి పిటిషన్ లేదు, ధర్నా లేదు. తెలుగు సినిమాలో ఏళ్ల తరబడి రౌడీకి, పనిమనిషికి, నవ్వించే పాత్రకు మన మాట ఇచ్చి, హీరోకు వేరే మాట ఇచ్చారు. దాంతో మన పిల్లలకు ఏ వేషాలు దొరికాయి, ఏవి దొరకలేదు, డైలాగులు రాసే పని ఎవరికి పోయింది అన్నది ఉపాధి లెక్క. పేరు మార్పుతో సరిపెట్టడం సినిమావాళ్లకే పరిమితం కాదు. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టింది. డబ్బా అంగట్లోనే ఉంది. కంపెనీకి పేరు మార్చడం అన్నిటికంటే చౌకబేరం. సినిమాలో నిజంగా మార్పు తెచ్చింది మనవాళ్లకు దొరికిన పని. 2023లో సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి ‘బలగం’ తీసినప్పుడు చావింటి ఏడుపు, అలక, పంతం అన్నీ మన మాటలోనే నడిచాయి. ఎవరి చేతనూ క్షమాపణ చెప్పించకుండానే మన మాటకు గౌరవం దొరికింది.

ఇక్కడే కొందరు మిత్రులు నన్ను ఆపుతారు. పుస్తకాలు రాసినవాళ్లు, నాకంటే ఎక్కువ ఊళ్లు తిరిగినవాళ్లు. వాళ్ల మాట ఇది: ‘1978 జగిత్యాలను మరిచిపోయినవా? అది ఆత్మగౌరవ పోరాటం. నీ బాంచెన్ కాల్మొక్త అనే మాటను జనం నోట్లోంచి తీసేసిన పోరాటం. మనోభావాన్ని తక్కువ చేస్తే ఆ చరిత్రనే తక్కువ చేసినట్టు.’ ఈ వాదన సభల్లో బాగా పండుతది. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకో వివరంగా చెప్పనివ్వండి.

1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రకు ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చినప్పుడు వాళ్ల చేతిలోని కోర్కెలేమిటి? వెట్టి పోవాలె. కూలి రేట్లు పెరగాలె. దొరలు జరిమానా పేరుతో తీసుకున్న దండుగలు తిరిగి ఇయ్యాలె. ఆక్రమించిన భూములు వదలాలె. ప్రతిదీ ధాన్యంలోనో రూపాయల్లోనో ఎకరాల్లోనో కొలిచి చూపించగలిగిన కోరిక. చిన్నమెట్‌పల్లిలో, మద్దునూరులో దొరలను సాంఘికంగా వెలివేశారు. ఎట్లా వేశారు? మంగలి, చాకలి, పాలేరు గడీకి పోవడం మానేశారు. అంటే పని ఆపేశారు. దొరను తిరిగి తిట్టి వెలివేయలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. జనం ‘దొరా’ అనడం మానేసినంత మాత్రాన ఏ ప్రభుత్వమూ తాలూకాలకు తాలూకాలను కల్లోలిత ప్రాంతం చేయదు. పెత్తనం కదులుతున్నదని తెలిసి చేసింది.

పౌరహక్కుల నేత బాలగోపాల్ 80ల్లో ఈ జిల్లాల మీద రాసిన వ్యాసాలు తిరగేయండి. దొర పెత్తనాన్ని ఆయన భూమితో, అప్పుతో, కాంట్రాక్టులతో, పార్టీలతో ముడివేసి చూశారు. దాన్ని పొగరుగా మాత్రమే చూసి వదిలిపెట్టలేదు.

‘పిలుపు మారిన తర్వాతే కూలి అడిగే ధైర్యం వచ్చింది కదా’ అన్నది వాళ్ల రెండో వాదన. నేను కూర్చొని విన్న పెద్దలు ఇందుకు ఎదురుగా చెప్పారు. దండుగ పైసలు చేతికి తిరిగొచ్చిన తర్వాతే వాళ్ల తలకాయ లేచింది. పైసలు రాని ఊళ్లో, రైతుకూలీ సంఘం కాస్త చల్లబడగానే, పాత పిలుపు మళ్లీ వచ్చింది. గౌరవం అక్కర్లేదని నేననడం లేదు. జగిత్యాల రైతుకూలీలకు గౌరవం ఎక్కడ చిక్కుకొని ఉందో తెలుసు, అక్కడికే పోయి తీసుకున్నారు. మనం ఆ దారి విడిచి, బాధను మాత్రం పట్టుకొని పోలీస్ స్టేషన్‌కు పోతున్నాం.

స్టేషన్‌లో మనకున్న చట్టమేమిటి? మత విశ్వాసాలను కావాలని కించపరిస్తే ఒక సెక్షన్. వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే ఇంకొకటి. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో తిడితే 1989 చట్టం ఉంది. దాన్ని సాధించుకోవడం చిన్న విషయం కాదు, దాన్ని సడలించే ఏ ప్రయత్నాన్నైనా నేను వ్యతిరేకిస్తాను. కానీ ఆ తిట్టు ప్రజల కంటబడే చోట జరగాలని చట్టమే అంటది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేని చోట అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020 నవంబర్‌లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పనిచోట తిట్టు ఎక్కువగా పడేది ఆ నాలుగు గోడల మధ్యనే: గోదాములో, గుమస్తా గదిలో, షెడ్డులో.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీ కార్ఖానాలో చూడండి. ఆడామె ఇంట్లో చుట్టిన కట్టలు తెచ్చి ముందర పెడతది. చూసేవాడు కట్ట విప్పి, నాలుగు బీడీలు వేళ్ల మధ్య నలిపి, చాటు కింద, అంటే పనికిరానివని, పక్కకు నెడతడు. నెట్టేటప్పుడు ఒక మాట అంటడు. ఆమె చేతుల మీద, ఆమె ఇంటి మీద, ఒక్కోసారి ఆమె నడత మీద. ఆ మాటకు జవాబు చెప్పుకోవడంలోనో, తల దించుకోవడంలోనో ఆమె ఉంటది. ఎన్ని కట్టలు చాటు కింద పోయినయో అడగడం అక్కడ ఆగిపోతది. 2025 దాకా అమల్లో ఉన్న 1966 బీడీ కార్మికుల చట్టం 39వ సెక్షన్ తిరస్కరించిన బీడీల తగాదాను అధికారి తీర్చాలన్నది. తగాదానే పుట్టకుండా చేసేది ఆ మాట.

ఆదిలాబాద్ వైపు పత్తి రైతుదీ ఇదే కథ. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తది, ఆ పైన శాతం శాతానికి కోత, 12 దాటితే కొనదు. 2024–25లో పొడవు పింజ పత్తికి క్వింటాల్‌కు 7,521 రూపాయలు. అంటే అప్పుడు ఒక్క శాతం తేమకు 75 రూపాయలు పోయాయి. ప్రైవేటు కొనుగోలుదారు మనిషి బండిలోకి మోచేతి దాకా చెయ్యి జొనిపి, గుప్పెడు పత్తి తీసి, పిండి చూసి, తిరిగి విసిరేసి అంటడు: ‘నీళ్లు కొట్టుకొచ్చినవారా?’ తండ్రి వయసు గోండు రైతును ‘రా’ అని. ఆ రైతు తాను దొంగను కానని ఒట్టు పెట్టుకోవడంలో పడతడు. మీటర్ ఏది, ఎంత చూపించింది అని అడిగే నోరు అప్పటికే మూతపడ్డది.

ఈ మాటలనే ఇప్పుడు నేను, నా విద్యార్థులు కలిసి పోగుచేస్తున్నాం. సిరిసిల్ల మగ్గాల షెడ్లు, కోరుట్ల బీడీ కార్ఖానాలు, మంచిర్యాల, ఆదిలాబాద్ మార్కెట్లు. తిట్లు ఏరి నిఘంటువు చేయడం మా పని కాదు. ప్రతి మాట పక్కన మూడు గడులు: ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఆ వెంటనే ఎంత కోత పడింది. మూడో గడి నింపడమే కష్టం. తిట్టు అందరికీ గుర్తుంటది, అంకె ఉండదు. అందుకే రైతు దగ్గర తక్‌పట్టీ (మార్కెట్ తూకం చీటీ), బీడీ ఆమె దగ్గర లాగ్‌బుక్కు అడిగి, మాటను ఆ తేదీతో జతచేస్తున్నాం.

ఈ సభలో యూనియన్ మిత్రులున్నారు, లాయర్లున్నారు, పాతబడ్డ చీటీలు పారేయకుండా ట్రంకుపెట్టెలో దాచిన ఇళ్లవాళ్లున్నారు. ఆ చీటీలు మాకు చూపించండి, ఫొటో తీసుకొని ఇచ్చేస్తాం. వచ్చే పత్తి సీజన్‌కు ముందే మొదటి పట్టిక అచ్చువేసి, కాంటా దగ్గర తేమ అంకెను రైతుకు చూపించి రాసిచ్చిన తర్వాతే రేటు మాట్లాడాలని మార్కెట్ కమిటీలకు ఇచ్చే అర్జీకి దాన్ని జతచేస్తాం. అర్జీ నకలు బయట బల్ల మీద ఉంది. సంతకం పెట్టేవాళ్లు ఊరి పేరు కూడా రాయండి.